సేవా రథం ఎడమ ముందు చక్రం

గల్ఫ్ తెలుగువారి చరిత్రలో మొట్టమొదటిసారిగా, ఆపదలో ఉన్న కార్మికుణ్ణి ఆసుపత్రికైనా విమానాశ్రయానికైనా ఉచితంగా చేర్చే 'సేవా రథం' వచ్చే శుక్రవారం నుంచి ఏడు ఎమిరేట్లలోనూ పరుగులు తీయనున్నదని పార్టీ గల్ఫ్ విభాగం కన్వీనర్ హయాత్ బాషా గారు ప్రకటించారు. ప్రకటనలో 'పరుగులు' అన్న మాట మూడుసార్లు వచ్చింది. రెండు నేను తీసేశాను.

ప్రకటనల్లో తప్పులు దిద్దడం నా పని. షార్జాలో ఒక బడిలో తెలుగు చెబుతాను. హయాత్ బాషా గారిది కడప జిల్లా. రోలాలో టైపింగ్ సెంటర్ నడుపుతారు. వీసా దరఖాస్తు, అద్దె ఒప్పందం, విడాకుల కాగితం, ఏది ముందు పెట్టినా అక్కడి టైపిస్టులు చదవకుండా టైపు చేస్తారు. చదివితే వేగం తగ్గుతుందని వారి అనుభవం. ఆ వేగం చూసి పార్టీ ఆయనకు కన్వీనర్ పదవి ఇచ్చింది. పార్టీ పేరు నేను రాయడం లేదు. ఏ పార్టీవారైనా తమదే అనుకుని సంతోషించవచ్చు. ఈ దేశంలో రాజకీయ సభలు కుదరవు కాబట్టి మేము ఎప్పుడు కలిసినా దానిని ఆత్మీయ విందు అంటాం. ముందు తీర్మానాలు, తరువాత బిర్యానీ. ఒక నెల పొరపాటున బిర్యానీ ముందు పెట్టారు. తీర్మానాలకు ఎవరూ మిగల్లేదు.

రథం మా ఇంటిదే. తెల్లని చిన్న కారు. నా భార్య నవతది. ఆమె ఒక క్లినిక్‌లో నర్సు. సెలవు రోజుల్లో ఎవరు ఫోన్ చేసినా వెళ్లి ఆసుపత్రికి తీసుకెళ్లేది. వంట చేస్తూ చెయ్యి కాల్చుకున్న పేరమ్మను, నొప్పులు పడుతున్న గుల్జార్ బేగంను అలాగే చేర్చింది. ఒకరిని చేర్చిన ప్రతిసారీ డ్యాష్‌బోర్డు అరలో ఉంచుకున్న చిన్న పుస్తకంలో పేరు, ఎక్కిన చోటు రాసుకునేది. మర్నాడు ఫోన్ చేసి ఎలా ఉందని అడగడానికి. మొన్న జనవరిలో ఆమెకే జ్వరం వచ్చి ఊపిరి అందని రోజున నేను తొమ్మిదో తరగతికి ఆన్‌లైన్‌లో సంధులు చెబుతున్నాను. పాఠం ఆపించడం ఎందుకని తనే కారు తీసుకుని వెళ్లింది. నాకు డ్రైవింగ్ రాదు. పన్నెండు రోజుల తరువాత ఆసుపత్రి పార్కింగ్ నుంచి కారును భూమేశ్ తన రికవరీ బండి మీద తెచ్చి మా భవనం కింద పెట్టాడు. భూమేశ్‌ది జగిత్యాల వైపు. ఆగిపోయిన కార్లను ఎక్కించుకుపోయే కంపెనీలో డ్రైవరు. ఆ రోజు కిరాయి అడగలేదు, తాళం చెవి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

తొమ్మిది నెలలు కారు అక్కడే ఉంది. అక్టోబరులో హయాత్ బాషా గారు వచ్చి, కారును పార్టీకి ఇస్తే నవత మేడం పేరు నిలబడిపోతుందన్నారు. ఇచ్చాను. కారులో సొంత వస్తువులుంటే తీసుకోమన్నారు. వెనక సీటులో ఉన్న గొడుగు తీసుకున్నాను. డ్యాష్‌బోర్డు అర తెరవలేదు.

తాళం చెవి ఇస్తూ ఒక సంగతి చెప్పాను. ఎడమ ముందు చక్రం బేరింగ్ పోయింది. బండి ఎనభై దాటితే మూలుగుతుంది. దాన్ని మార్పించాలని నవత చాలా రోజులు అనుకుంది. ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను.

హయాత్ బాషా గారు నా చెయ్యి పట్టుకున్నారు.

"వద్దు సార్. మీరు మార్పిస్తే అది సొంత రిపేరు. మేము మార్పిస్తే అది సేవ. సేవను మా చేతుల్లోంచి తీసుకోవద్దండి సార్."

నేను ఒప్పుకున్నాను. ఇంత సున్నితంగా ఆలోచించే నాయకులు అరుదు.

రథానికి మొదటి లబ్ధిదారుడు కూడా అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. కొండల అవతల సముద్రం ఒడ్డునున్న కల్బాలో భవనం పని చేస్తూ పరంజా మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్న హన్మంతు. భూమేశ్ ఊరివాడే. కంపెనీ మూతపడి, వీసా అయిపోయి, ఆరేళ్ల తరువాత ఇంటికి పోవడానికి అనుమతి కాగితం వచ్చింది. దాని గడువు శుక్రవారంతో సరి. కరోనా పరీక్ష కాగితం గడువూ అంతే. షార్జా నుంచి విమానం ఆ సాయంత్రం ఎనిమిదీ నలభైకి. తుంటి దాకా పట్టీ వేసిన కాలుతో బస్సు ఎక్కలేడు. కల్బా నుంచి టాక్సీకి అతని దగ్గర డబ్బు లేదు. విమానం తప్పితే మళ్లీ జరిమానా, మళ్లీ దరఖాస్తు. భూమేశ్ ఈ సంగతి విందులో లేచి చెప్పాడు. కన్వీనర్ గారు అక్కడికక్కడే ఫొటో తీయించి, హన్మంతు బాధ్యత రథానిదేనని హామీ ఇచ్చారు.

రథాన్ని పారిశ్రామిక ప్రాంతంలో షాహబాజ్ గ్యారేజీకి తీసుకెళ్లారు. షాహబాజ్‌ది నెల్లూరు. కారును లిఫ్టు మీదికెత్తి నాలుగు చక్రాలూ చేత్తో తిప్పి చూశాడు. ఎడమ ముందుదానికి బేరింగ్, పనితో కలిపి రెండు వందల అరవై దిర్హాములు. కుడి వెనక టైరు పక్కన ఉబ్బింది, నూట నలభై. గట్టుకు తగిలి ఒక రిమ్ము వంగింది, సరిచేయడానికి యాభై. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కలిపి ఎనభై. అంతా అయిదు వందల ముప్పై. సాయంత్రానికి బండి ఇచ్చేస్తానన్నాడు.

కన్వీనర్ గారు వంగి చక్రం లోపలికి చూశారు.

"ఈ బేరింగ్ బయటికి కనిపిస్తుందా?"

"కనిపిస్తే ఇంకేముంది సార్. లోపలుంటాది."

"దాని మీద పేరు రాయించొచ్చా?"

షాహబాజ్ నా వైపు చూశాడు. నేను లిఫ్టు వైపు చూశాను.

ఇబ్బంది ఏమిటంటే, దాతలు నలుగురు ముందుకు వచ్చారు. నాలుగు చక్రాలకు నలుగురు. దుబాయ్‌లోని డేరా ప్రాంతంలో సూపర్ మార్కెట్ ఉన్నాయన ఎడమ ముందుది తీసుకున్నారు, ఫొటోలు ఆ పక్క నుంచే తీస్తారని తెలిసి. చక్రానికి దాతలున్నారు గాని బేరింగ్‌కు ఒక్కరూ రాలేదు. కంటికి కనిపించని వస్తువుకు ప్రజల డబ్బు ఖర్చు పెట్టడం పారదర్శకత కాదని కన్వీనర్ గారు అభిప్రాయపడ్డారు. ఆ డబ్బుకు మరికొంత కలిపి, నాలుగు చక్రాలకూ డేరాలో ప్లాస్టిక్ కవర్లు చేయించారు. ఆరు వందల నలభై దిర్హాములు. ఒక్కొక్క కవరు నిండా పార్టీ అధినేత గారి చిరునవ్వు, దాని కింద దాత పేరు.

చాలా బాగున్నాయి. కారు కదలనంతవరకు ఏ లోపమూ కనిపించలేదు.

మంగళవారం భూమేశ్ కారును గ్యారేజీ నుంచి తెస్తూ ఒక సిగ్నల్ దగ్గర ఆగాడు. పార్టీలో రెండో వర్గం వారు ఒకరు పక్క కారులో ఉన్నారు. ఫొటో తీశారు. ముందు చక్రంలో అధినేత గారు తలకిందులుగా ఉన్నారు. వెనక చక్రంలో పక్కకు పడుకుని ఉన్నారు. చిరునవ్వు మాత్రం రెండింట్లోనూ చెదరలేదు. గంటలో ఆ ఫొటో ఎమిరేట్లన్నీ తిరిగి, అరేబియా సముద్రం దాటి, రాష్ట్ర కార్యాలయానికి చేరింది. అక్కడి నుంచి కన్వీనర్ గారికి ఫోన్ వచ్చింది. ఆయన నిలబడి మాట్లాడారు.

బుధవారం ఆత్మీయ విందు అత్యవసరంగా జరిగింది. 'చక్ర సమన్వయ కమిటీ' ఏర్పడింది. కవర్లు తీసేస్తే సరిపోతుంది కదా అని భూమేశ్ అన్నాడు. కమిటీ అతని వైపు జాలిగా చూసింది. అధినేత గారి ముఖాన్ని బిగించిన చేతులు చాలా ఉన్నాయి. దాన్ని ఊడబీకిన చెయ్యి ఎవరిదని రేపు విచారణ వస్తే ఎవరు చెప్పాలి?

ఆగిన ప్రతిసారీ ముఖాలు నిటారుగా ఉండేలా బండి నడపాలని మొదటి తీర్మానం. ఉపాధ్యాయుణ్ణి కాబట్టి లెక్క నన్ను కట్టమన్నారు. చక్రం ఒక్కసారి తిరిగితే బండి ఒక మీటరు ఎనభై మూడు సెంటీమీటర్లు కదులుతుంది. బయలుదేరిన చోటు నుంచి ఆ దూరానికి సరైన గుణిజాల్లో ఆగితే అధినేత గారు నిటారుగా ఉంటారు. బోర్డు మీద రాసి చూపించాను. చప్పట్లు కొట్టారు.

భూమేశ్ చెయ్యెత్తాడు.

"సార్, సిగ్నల్ల ఎర్ర లైటు పడ్తె నేను బ్రేకు తొక్కాల్నా, మొఖం జూస్కోవాల్నా?"

దీని మీద రెండు అభిప్రాయాలు వచ్చాయి. అవి తేలకముందే భూమేశ్ ఇంకో సంగతి చెప్పాడు. బండి మలుపు తిరిగితే బయటి చక్రం ఎక్కువ తిరుగుతుంది, లోపలిది తక్కువ తిరుగుతుంది. నాలుగు ముఖాలు నాలుగు తీర్లుగా పోతాయి. అలా అయితే రథం మలుపులు తిరగకూడదని ఒక సభ్యుడు ప్రతిపాదించారు. కల్బా నుంచి షార్జాకు దారి కొండల మధ్య నుంచి ఉంది. పక్క గదిలో బిర్యానీ చల్లారుతోంది.

చివరికి హయాత్ బాషా గారే దారి చూపించారు. నాయకత్వం అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమయింది.

"చక్రం తిరిగితేనే కదా సమస్య. తిప్పొద్దు. భూమేశూ, నీ రికవరీ బండి మీద రథాన్ని ఎక్కించు. చక్రాలు కట్టేయ్. అధినేత నేల మీద పొర్లే పని లేదు, ఏడు ఎమిరేట్లూ తిరిగొస్తారు."

ఏకగ్రీవంగా ఆమోదించారు. రికవరీ బండికి రోజు కిరాయి నాలుగు వందల యాభై. అప్పటిదాకా ఉచితంగా సేవ చేస్తున్న భూమేశ్ ఆ తీర్మానంతో కాంట్రాక్టరు అయ్యాడు. గురువారం ఉదయం కారును బండి మీదికెక్కించి, నాలుగు ముఖాలూ నిటారుగా తిప్పి, బెల్టులు బిగించి, పారిశ్రామిక ప్రాంతం చుట్టూ ఒక చుట్టు తిప్పారు. కన్వీనర్ గారు బండి వెనకే తన కారులో నూట పది వేగంతో వెళ్లి, దిగి, నా దగ్గరికి వచ్చారు.

"చూశారా సార్, ఎడమ ముందు చక్రం. ఒక్క మూలుగన్నా ఉందా? రూపాయి ఖర్చు లేకుండా బాగైపోయె."

శుక్రవారం ప్రారంభోత్సవం కల్బాలో, ఉదయం పదకొండు గంటలకు. ముఖ్య అతిథి రాష్ట్ర కార్యదర్శి గారు. ప్రపంచ దేశాల ప్రదర్శన ఎక్స్‌పో చూడడానికి దుబాయ్ వచ్చి, కార్మికుల కోసం ఒక పూట కేటాయించారు. హన్మంతును అతని గది నుంచి నలుగురు మోసుకొచ్చారు. రథం బండి మీద ఉంది, కిందికి దించకూడదు. అందుకని హన్మంతును పైకెత్తి రథంలో డ్రైవరు పక్క సీటులో కూర్చోబెట్టారు. కాలు ముందుకు చాపడానికి సీటు వెనక్కి జరపబోతే జరగలేదు. వెనక సీటులో పడుకునేవాళ్ల కోసం నవత దాన్ని ఎప్పుడూ ముందుకే ఉంచేది. భూమేశ్ లోపలికి దూరి, దాని మీట ఎక్కడుందో వెతికి వెనక్కి జరిపాడు.

పదకొండుకు కార్యదర్శి గారు రాలేదు. ఎక్స్‌పోలో ఒక దేశం మందిరం బాగుందట. పన్నెండింటికి ఇంకో దేశం. హన్మంతును దించితే మళ్లీ ఎక్కించాలి కాబట్టి పైనే ఉంచారు. కిటికీలోంచి నీళ్లు ఇచ్చారు. ఒంటిగంటకు బిర్యానీ ఇచ్చారు. రెండున్నరకు నేను బండి ఎక్కి, ఎలా ఉందని అడిగాను.

"మంచిగనే ఉంది సార్. గీడికెల్లి సముద్రం కనవడ్తుంది. ఆరేండ్లాయె ఈ ఊర్ల ఉండవట్టి. ఇయ్యాల్నే జూస్తున్న." తరువాత గొంతు తగ్గించి అడిగాడు. "ఇమానం అందుతదా సార్? అంజవ్వ పొద్దటిసంది నాలుగుసార్లు ఫోన్ జేసింది. కారెక్కినవా అంటె ఎక్కిన అన్న. మరి బయలెల్లినవా అంటె ఏం జెప్పాలె?"

అంజవ్వ అతని భార్య. బయలుదేరబోతున్నానని చెప్పమన్నాను. తెలుగులో భవిష్యత్ కాలానికి చాలా వెసులుబాటు ఉంది.

కార్యదర్శి గారు మూడున్నరకు వచ్చారు. నలభై నిమిషాలు మాట్లాడారు. ఈ చక్రాలు ఆగవన్నారు. కార్మికుడి కన్నీరు తుడిచేదాకా ఇవి తిరుగుతూనే ఉంటాయన్నారు. బెల్టులు గట్టివి, చక్రాలు ఎటూ కదల్లేదు. నిమ్మకాయలు తొక్కించలేదేమని ఆయన అడిగారు. హయాత్ బాషా గారు అంతకుముందే తెప్పించి ఉంచారు. ఏ మతం పద్ధతి అయినా ఏర్పాట్లలో ఆయన లోటు రానివ్వరు. కాని తొక్కాలంటే చక్రం తిరగాలి. భూమేశ్ నిమ్మకాయను ఎడమ ముందు చక్రానికీ బెల్టుకూ మధ్య పెట్టి బెల్టు బిగించాడు. అది పగిలింది. రసం అధినేత గారి గడ్డం మీదుగా కారింది. అందరూ చప్పట్లు కొట్టారు.

కార్యదర్శి గారు జెండా ఊపారు. ఫొటోలు తీశారు. భూమేశ్ అప్పుడు చెప్పాడు, బండి మీదున్న కారులో మనిషిని కూర్చోబెట్టి రోడ్డెక్కితే పోలీసులు ఊరుకోరని. ఆ సంగతి మీరిద్దరూ చూసుకోండి అని కన్వీనర్ గారు పూర్తి అధికారాలు మాకు అప్పగించారు. రథం మాత్రం ఏడింటికల్లా డేరాలోని హోటల్ ముందుండాలి, అతిథులు దానితో సెల్ఫీలు దిగుతారు. హన్మంతుకు చోటివ్వడానికి ఏ కారులోనూ ఖాళీ లేదు. ఒక దానిలో పూలగుత్తులున్నాయి. అయిదు నిమిషాల్లో అందరూ వెళ్లిపోయారు.

నాలుగూ ఇరవై అయింది. పక్కనున్న కిరాణా కొట్టువాళ్లను పిలిచి హన్మంతును కిందికి దించి, రికవరీ బండి క్యాబిన్‌లోకి ఎక్కించాం. కాలు మడవడానికి లేదు. నా ఒళ్లో పెట్టుకున్నాను.

"ఖలాస్, యల్లా" అని భూమేశ్ బండి తీశాడు.

కొండల్లో సొరంగం దాటేటప్పుడు అలవాటుగా చెవి ఒగ్గాను. వెనక కారు ఏ చప్పుడూ చేయడం లేదు. నవత ఈ దారిలో ఎప్పుడూ ఎనభై దాటేది కాదు. చక్రం మూలిగితే పక్కనున్నవాళ్లు తమ నొప్పి మరిచిపోయి దానికేమైందని అడుగుతారని అనేది.

దారిలో ధైద్ అనే ఊరి దగ్గర భూమేశ్‌కు కన్వీనర్ గారి ఫోన్ వచ్చింది. ఎక్కడున్నావని అడిగారు.

"సిగ్నల్ల ఉన్న సార్" అన్నాడు భూమేశ్. అక్కడ సిగ్నలే లేదు. "మొఖం జర వంకరైంది, సీదా జేస్తున్న."

ఎంతసేపైనా పరవాలేదు, జాగ్రత్తగా చేయమన్నారు.

ఆరూ పదికి విమానాశ్రయంలో ఉన్నాం. చక్రాల కుర్చీ తెచ్చారు. దాని నాలుగు చక్రాలూ శబ్దం లేకుండా తిరిగాయి, వాటి మీద ఎవరి ముఖమూ లేదు. హన్మంతు లోపలికి పోయే ముందు కుర్చీ ఆపించాడు.

"సార్, నేను కార్ల వచ్చినట్టా, బండిల వచ్చినట్టా? రేపు ఇంటికాడ అడుగుతరు."

"కార్ల ఎక్కినవ్, బండిల వచ్చినవ్" అన్నాడు భూమేశ్. "పో తమ్మీ, లేటయితది."

అతను వెళ్లాక భూమేశ్ బండి ఎక్కుతూ అన్నాడు.

"నవతక్క ఉంటే రేపు ఫోన్ జేసి అడుగుతుండె, మంచిగ చేరినవా అని."

మర్నాడు నేను చేశాను. అంజవ్వ ఎత్తింది. చేరాడని, నిద్రపోతున్నాడని చెప్పి, లేపమంటారా అని అడిగింది. వద్దన్నాను.

సేవా రథం నూట ఇరవై కిలోమీటర్లు ఒక్క ఫిర్యాదు లేకుండా నడిచిందని వార్త వచ్చింది. ఫొటోలో నాలుగు కాదు గాని, కనిపించిన రెండు ముఖాలూ నిటారుగా ఉన్నాయి. రాష్ట్ర కార్యాలయం అభినందించింది. అయితే లబ్ధిదారుడు ఒక్కడేనా అని కార్యదర్శి గారు అడిగారట. ఒక్క పేరును జాబితా అనరు. హయాత్ బాషా గారు వెనుకాడే మనిషి కాదు. మూడు రోజుల్లో పంపుతానన్నారు. రెండు రోజుల్లోనే తయారు చేయించారు. ఆదివారం ఉదయం, పత్రికలకు వెళ్లేముందు తప్పులు చూడమని నాకు పంపారు.

'సేవా రథం లబ్ధిదారులు' అని పైన పెద్ద అక్షరాలు. మొత్తం నలభై మూడు పేర్లు. పేరు, ఎక్కిన చోటు, ప్రస్తుత పరిస్థితి అని మూడు గడులు. మొదటి పేరు హన్మంతు, కల్బా. రెండోది పేరమ్మ, అజ్మాన్. మూడోది గుల్జార్ బేగం, మువైలా. టైపింగ్ సెంటర్ వారు ఎప్పటిలాగే వేగంగా చేశారు. మూడో గడిలో ఒకసారి రాసిన వాక్యాన్నే కింది దాకా లాగారు. అందరికీ అదే వాక్యం. 'రథం ద్వారా చేర్చబడి, ప్రస్తుతం సంపూర్ణ ఆరోగ్యంతో, సంతోషంగా ఉన్నారు.'

నేను ఒక్కొక్క పేరూ వేలు పెట్టి చదివాను. బడిలో హాజరు పట్టీ చదివినట్టు. చాలామంది గుర్తున్నారు. కొందరి సంగతి నవత తన చిన్న పుస్తకంలో రాసుకుందే గాని, నాకు ఎప్పుడూ చెప్పలేదు.

నలభై మూడోది నవత. ఎక్కిన చోటు, అల్ నహ్దా. పక్కన మా భవనం పేరు. ప్రస్తుతం సంపూర్ణ ఆరోగ్యంతో, సంతోషంగా ఉన్నారు.

మధ్యాహ్నం హయాత్ బాషా గారు ఫోన్ చేసి, పత్రికవాళ్లు తొందర పెడుతున్నారు, ఏమన్నా తప్పులున్నాయా సార్ అని అడిగారు.

ఇంకొకసారి మొదటి నుంచి చివరి దాకా చూశాను. ఒక్క అచ్చుతప్పూ లేదు. ఆ మాటే చెప్పాను.